సైరాగుల్ అనే మగవాడు

పేరు మార్చి పిలిస్తే మోసపోయేది ఎవరు? పసివాళ్ల ప్రాణాల కోసం వెతుక్కుంటూ వచ్చే మాయదారిదా, లేక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పిలిచే తల్లా? ఎన్నేళ్లు ఆలోచించినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. సైరాగుల్‌నే అడిగితే మీసం చాటున నవ్వేవాడు. "ఎవరు మోసపోతే ఏంలే, నేనైతే ఉన్నాగా!" అనేవాడు.

ఉన్నాడు, నిజమే. డెబ్బై దాటినా గట్టిగానే ఉన్నాడు. గుబురు మీసం, ఎత్తైన తెల్ల ఉన్నిటోపీ, లారీ స్టీరింగు తిప్పి తిప్పి కాయలు కాచిన చేతులు. పేరు మాత్రం పెళ్లీడు పిల్లది. ఆత్‌బాషి లోయలో సైరాగుల్ అంటే ఏ ఇంట్లోనైనా జడలో పూసలు కట్టుకుని ఆవుపాలు పితికే అమ్మాయే గుర్తొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు "సైరాగుల్ ఉందా?" అని అడిగితే ఈయన గుమ్మంలోకి వచ్చి "ఉన్నాడు, చెప్పండి," అనేవాడు. వాళ్ల మొహాలు చూడటం ఆయనకి సరదా.

ఆయనకి ముందు వాళ్లమ్మకి పుట్టిన మగపిల్లల్లో ఒక్కడూ నిలవలేదు. ఒకడు నలభై రోజుల లోపే పోయాడు, ఒకడు పాలపళ్లు వచ్చే వేళకి, ఇంకొకడు నడక నేర్చి గుడారం చుట్టూ ఒక వేసవి అంతా పరిగెత్తాక. ఆడపిల్లలు మాత్రం గుమ్మడిపాదుల్లా పెరిగారు. అందుకని ఈయన పుట్టగానే నాయనమ్మ పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని, తన వెడల్పాటి లంగా కిందనుంచి ఇవతలికి లాగి, తనే మళ్లీ కన్నట్టు చేసింది. గుడారం తలుపుతెర పైకెత్తి, లోయ అంతా వినపడేలా అరిచింది: "ఆడపిల్ల! మళ్లీ ఆడపిల్లే! ఏం చేసుకోను దీన్ని!"

ఇరుగుపొరుగు ఆడవాళ్లు వెన్నముద్దలు పట్టుకుని వచ్చారు. అందరికీ తెలుసు పుట్టింది మగపిల్లాడని. ఒక్కరూ పెదవి కదపలేదు. "అయ్యో, పోనీలే తల్లీ, ఈసారికి ఇంతే అనుకో," అని ఓదార్చి, వెన్న తిని, బుగ్గలు తుడుచుకుంటూ వెళ్లారు. నాయనమ్మ కుడిచెవికి వెండి పోగు కుట్టింది. ఎర్ర గౌను తొడిగింది. జుట్టు పెరిగాక జడలు వేసి పూసలు కట్టింది. సైరాగుల్ అని పేరు పెట్టింది.

"నేను పెట్టాను, నేనే తీస్తాను. ఇంకెవరి చెయ్యీ పడకూడదు," అంది కోడలితో. "వీడికి మగపేరు ఒకటి చూసి దాచిపెట్టాను. గట్టిపడ్డాక, నేనే జడ కోసి, నేనే చెబుతాను."

జడలు వేసిన మరుసటేడు వసంతంలో మేతకొండలకి సామాన్లు తరలిస్తుంటే, గుర్రం మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఆ ముసలమ్మ పోయింది. దాచిన పేరు ఆమెతోనే పోయింది.

తల్లికి ఎటూ పాలుపోలేదు. పెట్టిన చేతే తీయాలాయె. ఊళ్లో ముల్లాగారిని అడిగితే, "ఏ పేరు పెట్టినా ఎవడు మగవాడో ఎవతి ఆడదో దేవుడికి తెలీదుటమ్మా?" అన్నాడాయన.

"దేవుడికి తెలుసు బాబూ. నా భయం దేవుడి గురించి కాదుగా," అంది ఆవిడ.

అలా ఆ పేరు ఉండిపోయింది. జడ మాత్రం బడికి వెళ్లే ముందు తండ్రి గొర్రెల కత్తెరతో కోసేశాడు. ఆ రాత్రంతా తల్లి పిల్లాడి పక్కన కూర్చునే ఉంది. తెల్లారి పిల్లాడు లేచి, ఆకలేస్తోంది అన్నాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

బడిలో ఏడిపించారు. ఏడిపించకుండా ఎలా ఉంటారు? "ఏమే సైరాగుల్, ఇవాళ జడెవరు వేశారే?" అనేవాడు పక్క బెంచీ కుర్రాడు. "మీ అమ్మే వేసింది. నీకు వేద్దామంటే పేలు తప్ప జుట్టు లేదంది," అనేవాడు ఈయన. అలాంటి జవాబులు నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని తిరగడం చిన్నప్పుడే అలవాటయింది. కొన్నాళ్లకి అడిగేవాళ్లు తగ్గారు. ఈయన నాలుకకి మాత్రం ఆ పదును ఉండిపోయింది.

పెద్దయ్యాక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో లారీ చేతికొచ్చింది. వేసవి మొదట్లో గుడారాల కర్రలు, పొయ్యిలు, పరుపులు, వాటి మీద ముసలమ్మలు, ముసలమ్మల ఒళ్లో గొర్రెపిల్లలు, అన్నీ వేసుకుని కనుమ దాటించేవాడు. ఆకురాలు కాలంలో మళ్లీ దింపేవాడు. లారీ ముందు పలక మీద నీలం రంగుతో స్వయంగా "సైరాగుల్" అని రాసుకున్నాడు. ఆ రాతే పెళ్లికి అడ్డుపడింది.

కాలీచా అనే అమ్మాయి పక్కలోయలో ఉన్ని ఉతికే దగ్గర కనపడింది. ఈయన లారీ ఆపి నీళ్లు అడిగాడు. మర్నాడూ ఆపాడు, మళ్లీ నీళ్లే అడిగాడు. మూడోసారి ఆపితే ఆ అమ్మాయి చెంబు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"నీ లారీకి దాహమా, నీకా?"

"నాకే. నిన్ను చేసుకుందామని ఉంది."

"సిగ్గులేదూ? నెత్తిన ఒకదాని పేరు రాసుకుని తిరుగుతూ ఇంకోదాన్ని అడగడానికి! పోయి ఆ పిల్లనే చేసుకో."

"ఆ పిల్లని చేసుకోవడం కుదరదు. ఆ పిల్ల నేనే."

కాలీచా పలక వంక చూసింది, ఆయన మీసం వంక చూసింది. తర్వాత తడి ఉన్నిగుట్ట మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "సైరాగుల్!" అంది, ఉప్పు వేసి రుచి చూసినట్టు. "నువ్వు సైరాగుల్!"

ఆ పేరు ఆమె నోట ఆయన విన్నది ఆ ఒక్కసారే. పెళ్లయ్యాక భర్త పేరు పలకకూడదు. పలకకూడదంటే ఆ పేరులో ఉన్న మాటలు కూడా పలకకూడదు. గుల్ అంటే పువ్వు కదా, అందుకని కాలీచా జన్మలో మళ్లీ పువ్వు అనలేదు. కొండవాలు అంతా విరబూస్తే "ఈ ఏడు గడ్డికి రంగులు బాగా పట్టాయి," అనేది. సైరా అంటే పాడటం కనక, పిట్ట పాడిందనడానికీ వేరే మాట వెతుక్కుంది. మహిళా దినోత్సవం నాడు క్షేత్రం ఆఫీసులో ఆడవాళ్లందరికీ తలరుమాళ్లు పంచేవారు. పాలు పితికే ఆడవాళ్లు పట్టుబట్టి ఏటా సైరాగుల్‌కి కూడా ఒకటి ఇప్పించేవారు. ఆయన లేచి, చప్పట్ల మధ్య నడిచి వెళ్లి, వంగి పుచ్చుకునేవాడు. ఇంటికొచ్చి కాలీచాకి కట్టబెట్టేవాడు. "నాకొకటి, నీకొకటి! ఈ లోయలో రెండు రుమాళ్లొచ్చే ఇల్లు మనదేనయ్యా," అని ఆమె మురిసిపోయేది.

వాళ్లకి లేక లేక ఒకతే కూతురు, మైరామ్. ఆత్‌బాషి బజారు దగ్గర ఉండే తాలాయ్‌బెక్‌కి ఇచ్చారు. తాలాయ్‌బెక్ నారిన్ పట్నానికి ప్రయాణికుల వ్యాను నడుపుతాడు. మాట తక్కువ, మనసు మెత్తన. మైరామ్ మొదటి కాన్పు మగపిల్లాడు, దక్కలేదు. రెండోవాడూ మగపిల్లాడే. నలభై రోజులు దాటాయని విందు చేసి, ఆ వారమే మట్టి చేశారు. ఈ ఏడు వసంతంలో మూడోవాడు పుట్టాడు.

కాలీచా కాన్పు నాటికే కూతురింటికి వెళ్లింది. తాతగా తొట్టి తేవడం సైరాగుల్ వంతు. ఊగే కాళ్లున్న చెక్కతొట్టి చేయించి, ఒక గొర్రెనీ తోలుకుని, ఒక శనివారం పొద్దున్న పైలోయ నుంచి దిగాడు. తొట్టిని గోడ పక్కన పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది, గుడ్డ కప్పి, ఖాళీగా. మైరామ్ పిల్లాణ్ణి ఒళ్లోంచి దించడంలేదు. ఒక చెయ్యి ఎప్పుడూ వాడి రొమ్ము మీదే. ఊపిరి పైకీ కిందకీ పోతోందా లేదా అని ఆ చేతికి తప్ప ఇంకెవరికీ అప్పగించదు.

"నిద్రపోయావా తల్లీ?" అన్నాడు సైరాగుల్.

"పోతాలే నాన్నా."

"డాక్టరమ్మ చూసి గుర్రప్పిల్లలా ఉన్నాడందిట కదా."

"ముందువాళ్లూ మొదట్లో అలాగే ఉన్నారు నాన్నా."

 పిల్లాడికి ఇంకా పేరు పెట్టలేదు. ఇంట్లో అందరూ వాణ్ణి "ఆ ఉన్నది" అని మాత్రమే అంటున్నారు.

వియ్యపురాలు ఆసిల్‌కాన్ టీ పోసి, రొట్టె విరిచి ముందు పెట్టి, తనూ ఎదురుగా చతికిలబడింది. ఆమె అలా కూర్చుందంటే విషయం ఉన్నట్టే.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. కాదనకూడదు."

"గొర్రె ముసలిదని తెలిసిపోయిందా చెల్లెమ్మా?"

"గొర్రె సంగతి తర్వాత చూస్తా. పిల్లాడికి పేరు కావాలి."

"పెద్దదానివి, నువ్వే పెట్టు. నన్నడగడం ఎందుకు?"

"కొత్త పేరు కాదు. మీదే కావాలి." ఆసిల్‌కాన్ గొంతు తగ్గించింది. "ఆ మాయదారిది ఒకసారి గుమ్మందాకా వచ్చి, చూసి, వెనక్కి పోయిన పేరు అది. కొత్తది పెడితే దానికి నమ్మకం కలుగుతుందో లేదో. మీది దానికి తెలిసిన పేరు."

సైరాగుల్ టీగిన్నె అరచేతుల మధ్య తిప్పాడు. "పెట్టుకోండి మరి. నాదేం అరిగిపోతుంది?"

"అంత తేలిక కాదు. ఒకే పేరు ఇద్దరికి ఉంటే అది ఆగి ఆలోచిస్తుంది. ఆలోచిస్తే తెలిసిపోతుంది. మీరు పూర్తిగా ఇచ్చెయ్యాలి. ఇక మిమ్మల్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, మీరూ పలకకూడదు. ఇచ్చాక వెళ్లొస్తానని చెప్పకూడదు. మేం సాగనంపకూడదు. మీరు గేటు దాటాక వెనకనుంచి ఆ పేరు పెట్టి పిలుస్తాం, పిల్లాణ్ణే. మీరు వెనక్కి తిరిగారో, పేరు మీ వెంటే వచ్చేస్తుంది. మా అమ్మమ్మల నాటినుంచీ ఇంతే."

గుమ్మంలో నిలబడి వింటున్న తాలాయ్‌బెక్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, వాడు రేపు బడికి వెళ్లాలి కదే. పిల్లలు నంజుకు తింటారు. మావయ్యా, మీరైనా చెప్పండి."

"తింటారు అల్లుడూ. నన్నూ తిన్నారు. అరగలేదు వాళ్లకి."

"పటాలంలో అయితే?"

"పటాలంలో మొదటిరోజు ఆఫీసరు పేర్లు చదువుతూ నా దగ్గర ఆగి, 'ముందుకు రా అమ్మాయీ,' అన్నాడు. ముందుకొచ్చా. వరసంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వా. మర్నాటికల్లా అంతమందిలో అందరికీ తెలిసిన పేరు నాదొక్కటే. వంటవాడు నా పళ్లెంలో ఒక గరిటె ఎక్కువేసేవాడు, 'తిను చెల్లీ, చిక్కిపోయావ్,' అని." సైరాగుల్ అల్లుడి వంక చూశాడు. "నీ భయం మంచిదే తాలాయ్. కానీ అది బడికెళ్లే పిల్లాడి గురించిన భయం. ముందు పిల్లాడు బడిదాకా రావాలని మీ ఆవిడ భయం."

తాలాయ్‌బెక్ మైరామ్ వంక చూశాడు. ఆమె తల ఎత్తలేదు. చెయ్యి పిల్లాడి రొమ్ము మీద ఉంది. అతను తలుపు గొళ్లెం కాసేపు అటూ ఇటూ కదిపి, "సరే, మీ ఇష్టం," అన్నాడు.

"ఇస్తా," అన్నాడు సైరాగుల్.

"తిరక్కుండా ఉండగలరా?"

"ఎందుకుండను? మెడ నాది కాదూ?"

ఆసిల్‌కాన్ తలూపి, లేచి, పొయ్యి వైపు నాలుగడుగులు వేసింది. ఆయన రొట్టెముక్క తుంచి వెన్నలో ముంచాడు. ఉన్నట్టుండి వెనకనుంచి, "సైరాగుల్!" అని కేకేసింది.

ఆయన తిరిగాడు. "ఆఁ?" కూడా అన్నాడు.

ఇల్లు గొల్లుమంది. కాలీచా తలరుమాలు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. తాలాయ్‌బెక్ కూడా గోడకి ఆనుకుని నవ్వాడు. చేతిలో వెన్నరొట్టెతో సైరాగుల్ కూడా నవ్వబోయి, కూతుర్ని చూసి ఆగిపోయాడు. మైరామ్ మొహంలో నెత్తురు లేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లో కట్టెలు కొడుతూ అల్లుణ్ణి వెనక నిలబెట్టాడు. "పిలువు," అన్నాడు. "ఎప్పుడు పిలుస్తావో చెప్పకు."

"పెద్దవారిని పేరు పెట్టి ఎలా పిలవను మావయ్యా?"

"కొడుకు పేరే అనుకుని పిలువు."

తాలాయ్‌బెక్ నీళ్లు నమిలి, చివరికి సన్నగా పిలిచాడు. ఆయన తిరిగాడు. ఇంకోసారి పిలిచాడు. గొడ్డలి ఆగింది, మెడ సగం తిరిగాక గుర్తొచ్చింది. మళ్లీ పిలిస్తే తిరగలేదు గానీ "ఊఁ" అన్నాడు.

"ఇది మెడలో లేదు అల్లుడూ, ఇంకెక్కడో ఉంది," అన్నాడు నుదురు తుడుచుకుంటూ.

సాయంత్రం కాలీచా పెరట్లో టీనీళ్లు కాచే సమోవారులోకి పుల్లలు వేస్తుంటే పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, మెడ నొప్పిగా ఉందా? వెన్న రాయనా?"

"నవ్వుకో."

"నవ్వకేం చెయ్యను. ముసలితనంలో ఎవరైనా పళ్లు పోగొట్టుకుంటారు, నువ్వు పేరు పోగొట్టుకుంటున్నావు."

ఆయన కాసేపు పొగ వంక చూశాడు. "నీకేమైనా బాధగా ఉందా?"

"నాకేం? నేనెప్పుడూ పిలిచిందే లేదుగా." కాలీచా పుల్ల విరిచింది. రెండో పుల్ల తీసుకుని విరవకుండా చేతిలోనే ఉంచుకుంది. "పిలవకపోయినా నోట్లోనే ఉండేది. నాలుక కింద. అంతే."

 పక్కింటి గోడ మీద కోడి ఒకటి అటూ ఇటూ నడిచి, దిగి పోయింది.

"మరి నిన్నేమని పిలుస్తారు?" అంది.

"తాత అని. నువ్వు పిలిచినట్టు 'ఏమయ్యా' అని. నిన్నే అడుగుతున్నా, మా నాయనమ్మ దాచిన పేరు ఒకటి ఉంది కదా? ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పట్నించి అది నాది. ఎవడూ పిలవలేడు, ఎవడూ ఏడిపించలేడు. దర్జాగా ఉంటుంది."

కాలీచా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లలో పొగ పడిందని రుమాలు కొసతో తుడుచుకుంది.

ఇంట్లోకి వెళ్తే మైరామ్ పిలిచి పక్కన కూర్చోమంది.

"నాన్నా, నువ్వు తిరుగుతావు."

"తిరగను తల్లీ."

"తిరిగావుగా. ప్రతిసారీ తిరిగావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

"అప్పుడు నా పేరు అది. రేపు నాది కాదుగా."

ఆమె నమ్మలేదు. ఆయనకీ పూర్తి నమ్మకం లేదు. కూతురి చేతి పక్కన తన చెయ్యి కూడా పిల్లాడి రొమ్ము మీద పెట్టాడు. చిన్న పిట్టగుండె తడబడకుండా కొట్టుకుంటోంది. "ఒక్క గంట నాకివ్వు," అన్నాడు. "నువ్వు కన్ను మూసుకో. ఈ చెయ్యి ఇక్కడే ఉంటుంది." మైరామ్ చాలాసేపు తటపటాయించి, తన చెయ్యి మాత్రం తీయకుండా, గోడకి తల ఆన్చింది.

తెల్లవారగానే ఆసిల్‌కాన్ ఇల్లంతా ఆర్చా అనే కొండచెట్టు కొమ్మల ధూపం వేసింది. పిల్లాడి మొదటి చొక్కా ముందు కుక్క మెడకి తగిలించాలి, ఆ తర్వాతే పిల్లాడికి. వాళ్ల కుక్కకి ఆ చొక్కా నచ్చినట్టుంది. వేసుకుని వీధిలోకి పరిగెత్తింది. తాలాయ్‌బెక్ బూట్లు లేకుండా దాని వెంట బజారు మలుపుదాకా పోయి, చొక్కా సంపాదించుకుని, రొప్పుతూ వచ్చాడు. "వీడికి నాలుగు కాళ్ల అక్క ఒకతి ముందే ఉందిలే," అన్నాడు సైరాగుల్. పొద్దుటినుంచీ మొదటిసారి మైరామ్ పెదవులు కదిలాయి.

ఆసిల్‌కాన్ మనవణ్ణి తన లంగా కిందనుంచి ఇవతలికి లాగింది. కిటికీ బార్లా తీసి, వీధంతా వినపడేలా అరిచింది: "ఆడపిల్ల! ఆడపిల్లండోయ్! ఏం చేసుకోను దీన్ని!"

పొరుగు ఆడవాళ్లు ముందే అనుకున్నట్టు గేటు తోసుకుని వచ్చారు. చేతుల్లో వెన్న, వేయించిన రొట్టెముద్దలు. "అయ్యో, ఆడపిల్లా? పోనీలే వదినా!" అంది ఒకామె. "మా ఇంట్లోనూ ముగ్గురున్నారు, అదేం భాగ్యం," అంది ఇంకొకామె మూతి తిప్పుతూ. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. సైరాగుల్ గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇదే నాటకం ఒకప్పుడు తన కోసం ఆడారు. అప్పుడు వెన్న తిని అబద్ధం చెప్పిన ఆడవాళ్లెవరూ ఇప్పుడు లేరు. వాళ్లకి ఒక్కసారీ దండం పెట్టుకోలేదే అనిపించింది.

టోపీ తీసి, అంచు మడతలోంచి వెండి పోగు బయటికి లాగాడు. అన్నేళ్లుగా అక్కడే కుట్టి ఉంచుకున్నాడు. దాన్ని ఎర్రదారంతో తొట్టి పైకర్రకి కట్టాడు. తర్వాత పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని, వాడి చెవి దగ్గర మీసం తగలకుండా నోరు పక్కకి పెట్టి, మూడుసార్లు చెప్పాడు: "సైరాగుల్. సైరాగుల్. సైరాగుల్." వాడు ఆవులించాడు.

కూతురి ఒళ్లో పెట్టేశాడు. టోపీ పెట్టుకున్నాడు. కోటు భుజాన వేసుకున్నాడు. మామూలుగా అయితే ఈ ఇంట్లోంచి బయటపడటానికి అరపూట పట్టేది. కూర్చోమనేవారు, ఇంకో గిన్నె టీ అనేవారు, గేటు దగ్గర మళ్లీ గంటసేపు మాటలు. ఇప్పుడు ఎవరూ నోరు మెదపలేదు. పొరుగు ఆడవాళ్లు వెన్నగిన్నె వైపు చూస్తున్నారు. తాలాయ్‌బెక్ కాళ్లకి అంటిన మట్టి దులుపుకుంటున్నాడు. కాలీచా అటు తిరిగి సమోవారు తుడుస్తోంది, అంతకుముందే తళతళ మెరుస్తున్నదాన్ని. ఆమె ఇక్కడ నలభై రోజులూ ఉంటుంది. నోటిదాకా వచ్చిన "పొయ్యిలో బూడిద నేనే తీసుకుంటాలే, దిగులుపడకు" అన్న మాట మింగేసి, ఆయన గడప దాటాడు.

పెరడు దాటాడు. గేటు తీశాడు. మళ్లీ వేశాడు. వీధిలో రెండువైపులా సన్నటి పోప్లార్ చెట్లు, పక్కన కాలవలో మంచు కరిగిన నీళ్లు. ఎదురుగా దూరంగా పెద్దరోడ్డు, వ్యాన్లు ఆగే చోటు. మెడ బిగించాడు. ఆసిల్‌కాన్ గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని, దానికోసం సిద్ధంగా నడిచాడు. కిటికీ వెనక మైరామ్ కళ్లు తన వీపు మీద ఉన్నాయని తెలుసు.

"సైరాగుల్!"

అది ఆసిల్‌కాన్ గొంతు కాదు.

కాలు గాలిలోనే ఆగింది. ఆ గొంతు ఆ పేరు పలకగా ఆయన ఒక్కసారే విన్నాడు, ఉన్ని ఉతికే ఒడ్డున, లారీ పక్కన. ఇన్నేళ్లలో ఆ గొంతు ముసలిదయింది, కొంచెం బొంగురుపోయింది. పేరు మాత్రం అలాగే ఉంది. ఉప్పు వేసి రుచి చూసినట్టు.

"సైరాగుల్! నా తల్లే, నా బంగారమే! సైరాగుల్!"

పూర్తిగా, గొంతెత్తి, వీధంతా వినపడేలా పిలుస్తోంది. మనవడి పేరు పిలవడానికి ఏ అమ్మమ్మకీ అడ్డు లేదు. తిరిగితే ఆమె మొహం కనపడుతుంది. ఆ పేరు పలికేటప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆయనకి అన్నేళ్లుగా ఉంది. మెడ నరాలు లాగాయి. చెవికున్న పాత చిల్లు చల్లగా అనిపించింది.

"నా పువ్వే!" అంది కాలీచా.

ఆయన కాలు కింద పెట్టాడు. రెండో కాలు దాని ముందు పెట్టాడు. తల తిప్పలేదు. మీసం మాత్రం తనంతట తనే రెండువైపులా విచ్చుకుంది. అది ఎవరికీ కనపడదు కనక తప్పులేదనుకున్నాడు.

మూడో చెట్టు దాటాక వెనక తెరిచిన కిటికీలోంచి ఇంకో చప్పుడు వచ్చింది. నేల మీద చెక్కకాళ్లు తగిలే చప్పుడు. టక్, టక్. ఆగింది. మళ్లీ టక్, టక్, ఈసారి ఒకే లయలో. తొట్టి ఖాళీగా ఉంటే ఎవరూ ఊపరు.

కోటు జేబులో చెయ్యి పెట్టుకుంటే ఏవో తగిలాయి. ఎండు పెరుగుండలు, గుప్పెడు. కాలీచా ఎప్పుడు వేసిందో. ఒకటి నోట్లో వేసుకుని, బుగ్గన పెట్టుకుని, ముసలాయన రోడ్డు వైపు నడిచాడు.